21 రోజులు ఉపవాసం ఉన్నా, 22వ రోజు రాత్రి మళ్ళీ బెట్టింగ్ పెట్టేశా

నిద్రపట్టని_కుర్రాడు:

అందరికీ వందనాలు. కొత్త ఐడీ చేసుకుని రాస్తున్నా, అసలు పేరు అడగొద్దు ప్లీజ్. వయసు 31, సొంతూరు గుంటూరు దగ్గర, ఉద్యోగం హైదరాబాద్, పెళ్ళయి నాలుగేళ్ళు, రెండేళ్ళ పాప ఉంది. చిన్నప్పటి నుంచి గుళ్ళోనే పెరిగా, సండేస్కూల్లో వాక్యాలు కంఠతా చెప్పి స్టీలు గ్లాసులు ప్రైజు తెచ్చుకున్న బ్యాచ్ అన్నమాట, ఇప్పుడు సంఘంలో కీబోర్డు వాయిస్తా, యూత్ డబ్బుల లెక్క కూడా నా దగ్గరే ఉంటది, దాని సంగతి కింద రాస్తా.

2022లో బెంగుళూరులో ఉన్నప్పుడు రమ్మీ మొదలైంది. రూములో అందరూ ఆడేవాళ్ళు, మొదటి వారమే 6 వేలు వచ్చాయి, అదే నా కొంప ముంచింది. తర్వాత హైదరాబాద్ వచ్చేశా, ఇక్కడ 2017 నుంచే డబ్బు పెట్టి ఆన్‌లైన్లో ఆడటం నిషేధం కదా ఇక అదే మానిపోతదిలే అనుకున్నా, ఫోన్లో లొకేషన్ మార్చి ఆడటం రెండు రోజుల్లో నేర్చేసుకున్నా. 2025 ఆగస్టులో కేంద్రం చట్టం తెచ్చి డబ్బు పెట్టి ఆడే యాప్‌లు మూయించినప్పుడు నిజంగా బాత్రూములోకెళ్ళి ఏడ్చి స్తోత్రం చెప్పుకున్నా, నా వల్ల కానిది పార్లమెంటు చేసింది ప్రభువా అని. మూడు వారాలు బాగున్నా. ఆసియా కప్ వచ్చేసరికి టెలిగ్రామ్‌లో ఒకడు క్రికెట్ బెట్టింగ్ సైట్ ఐడీ ఇచ్చాడు, యూపీఐలో వెయ్యి కొడితే వెయ్యి పాయింట్లు, మళ్ళీ మొదలు.

నవ్వినా పర్లేదు, నేను ప్రార్థన చేసి మరీ బెట్ పెట్టేవాణ్ణి. ఈ ఒక్కసారి గెలిపించు ప్రభువా, దశమభాగం కాదు సగం ఇచ్చేస్తా అని. ఒకసారి గెలిచి నిజంగానే 2 వేలు కవర్లో పెట్టి కానుక సంచిలో వేశా, ఆ రోజు ఎంత నీతిమంతుడిలా ఫీలయ్యానో. ఇంకో రోజు మా తోడల్లుడు మియాపూర్‌లో ఫ్లాట్ కొంటే గృహప్రతిష్ఠ కూడికకి వెళ్ళాం, మా ఆవిడ ఆ కిచెన్ సొరుగులు ఒక్కోటి లాగి మూసి చూస్తా ఉంది, నాకు కడుపులో మంట, వాడు నాకంటే రెండేళ్ళు చిన్న, ఆ రాత్రే 15 వేలు పెట్టా.

ఇక అసలు విషయం. డిసెంబర్లో క్రిస్మస్ ప్రోగ్రాం కలెక్షన్ 18 వేలు నా ఖాతాలో ఉన్నాయి. రాత్రి 11:40కి అందులోంచి తీసి పెట్టా, పోయాయి. మర్నాడు లోన్ యాప్‌లో అప్పు తీసి అంతా తిరిగి వేసేశా, ఎవరికీ తెలీదు. కానీ 24 రాత్రి ఆరాధనలో కీబోర్డు ముందు నిలబడితే వేళ్ళు వణికాయి, పక్కన గిటార్ వాయించే తమ్ముడు చలికా అన్నా అన్నాడు.

31 రాత్రి గుళ్ళో కొత్త సంవత్సరానికి వాగ్దాన కార్డు, అంటే బైబిలు వాక్యం రాసిన కార్డు, తీస్తే నాకు 1 కొరింథీ 10:13 వచ్చింది, అందరికీ వచ్చే శోధనే మీకూ వచ్చింది, దేవుడు తప్పించుకునే మార్గం కూడా ఇస్తాడు అనే వాక్యం. దేవుడు నాతోనే మాట్లాడాడు అనుకుని ఆ కార్డు చొక్కా జేబులో పెట్టుకుని 21 రోజులు ఉపవాసం ఉన్నా, సాయంత్రం ఒక్కపూటే తిండి, ఒక్క రూపాయి పెట్టలా. 22వ రోజు, ఆదివారం సాక్ష్యం చెబుదామా అని మాటలు కూడబెట్టుకుంటా ఇంటికొచ్చా, రాత్రి మ్యాచ్ ఉంది, 9 వేలు పెట్టేశా.

మొత్తం ఒక రెండున్నర లక్షలు పోయి ఉంటాయి. మా ఆవిడకి ఏమీ తెలీదు. అసలు నాకు విశ్వాసం ఉందా? యూత్ డబ్బులు తిరిగి వేసేశాను కదా, అది కూడా చెప్పాలా?

జయధ్వని:

బ్రదర్ ఇదంతా సాతాను తంత్రం. ఈసారి 40 రోజులు ఉండండి, అర్ధరాత్రి లేచి ప్రార్థించి యేసు నామంలో గద్దించండి, విడుదల ఖాయం. ఆమేన్.

నిద్రపట్టని_కుర్రాడు:

థాంక్యూ బ్రదర్. కానీ అర్ధరాత్రి లేస్తే చేతిలోకి వచ్చేది ఫోనే, నా భయమంతా అదే.

పాత_పందెంరాయుడు:

తమ్ముడూ నీ పోస్టు చదువుతా కూర్చుంటే టీ చల్లారిపోయింది. మాది భీమవరం పక్కన పల్లెటూరు. నా రోజుల్లో ఫోన్లో ఈ గొడవ లేదు, సంక్రాంతి బరులు ఉండేవి, కోళ్ళు ఒక పక్క, గుండాట ఇంకో పక్క, మూడు రోజుల్లో ఏడాది కౌలు డబ్బు ఊడ్చుకుపోయిన సంవత్సరం ఉంది, మిగతా ఏడాదంతా పేక. నేను బాప్తిస్మం తీసుకున్నాక కూడా నాలుగేళ్ళు ఆడాను, అది ముందే చెప్తున్నా, ఎందుకంటే బాప్తిస్మం అయిన మర్నాటి నుంచి చెయ్యి పేక ముట్టలేదు అని మైకులో సాక్ష్యం చెప్పేవాళ్ళని విని విని, అయితే నేను దొంగ క్రైస్తవుణ్ణే అని తేల్చేసుకుని ఇంకా ఎక్కువ ఆడేవాణ్ణి.

ఆదికాండం 39లో యోసేపు ఏం చేశాడో మళ్ళీ చూడు. అక్కడ నిలబడి గద్దించలేదు, యజమాని భార్య పాపానికి పిలిచి పట్టుకుంటే అంగీ ఆవిడ చేతిలో వదిలేసి పరిగెత్తాడు. నీ అంగీ ఆ స్మార్ట్‌ఫోను. పోతే పోనీ. డబ్బా ఫోను కొనుక్కో, ఆఫీసు పని ఆఫీసు లాప్‌టాప్‌లో చూసుకో, జీతం మీ ఆవిడ ఖాతాలో పడేటట్టు రాసిచ్చెయ్, యూపీఐ తీయించెయ్. నేను చేసింది అదే, ధాన్యం డబ్బు మిల్లు నుంచి మా ఆవిడ ఖాతాకే, నా జేబులో బండి పెట్రోలుకి, రెండు టీలకి. ఊళ్ళో నవ్వారు, పెళ్ళాం దగ్గర చెయ్యి చాపుతున్నాడని. నవ్వనియ్, వాళ్ళలో ఇద్దరు తర్వాత నా దగ్గరికే వచ్చారు ఎలా మానావు అని.

ఇంకోటి, రెండున్నర లక్షలు అన్నావు చూడు, ఆ లెక్క తప్పు. కచ్చితంగా తప్పు. ఆడేవాడికి గెలిచినవి రూపాయల్తో సహా గుర్తుంటాయి, పోయినవి "ఒక" పెట్టి చెప్తాడు, ఒక రెండున్నర, ఒక మూడు. బ్యాంకు స్టేట్‌మెంట్ ప్రింటు తీసి ఎర్రపెన్నుతో గీతలు కొట్టుకుంటా కూడు, మీ ఆవిడ ముందే కూర్చుని కూడు.

శోధనకి ఒక టైమ్ ఉంటది. నాకు పొద్దుగూకాక, ఆరు నుంచి ఎనిమిది. మా సంఘంలో ఒక పెద్దాయన రొయ్యల చెరువు చూసుకునేవాడు, ఆయనకి చెప్పాను. పెద్దగా ప్రార్థనేం చేయలేదు, సాయంత్రం చెరువు కాడికి రా అన్నాడు. వెళ్తే మేత సంచులు మోయమనేవాడు, రొయ్యలు మేత తిన్నాయో లేదో చెక్ ట్రే ఎత్తి చూడమనేవాడు, నీళ్ళలో గాలి కలిపే ఏరేటర్లు వేయమనేవాడు. వాటి చప్పుడుకి మాటలు కూడా వినపడవు. ఎనిమిదికి పో అనేవాడు. ఆరు నెలలు అట్లాగే గడిచింది. మధ్యలో ఒకసారి పడ్డాను, సంక్రాంతికే, 4 వేలు. ఏడుస్తా ఆయనకి ఫోన్ చేసి చెప్పాను. సర్లే, రేపు కూడా రా, మేత దిగుతుంది అన్నాడు.

వార్డు_అక్క:

తమ్మీ నేను మెదక్ దిక్కు, సిటీల మత్తు మాన్పించే వార్డుల నర్సుగ చేస్తున్న. ముందుగాల ఒక్కటి అడుగుత, చచ్చిపోవాలె అని ఆలోచనలు ఏమన్న వస్తున్నయా? నువ్వు రాయలేదు గని అప్పులు దాచిపెట్టినోళ్ళకు వస్తయి, నేను చూసిన. వస్తే ఇయ్యాలనే 14416 కొట్టు, టెలీ మానస్ అంటరు, సర్కారుది, పైసలు తీసుకోరు, తెలుగుల మాట్లాడుతరు, రాత్రి రెండింటికి చేసినా ఎత్తుతరు. లోన్ యాప్ వాళ్ళు ఫోటోలు పంపుతం అని బెదిరిస్తే 1930, అది సైబర్ పోలీసులది.

విశ్వాసం ఉందా లేదా అంటున్నవ్. షుగర్ వస్తే విశ్వాసం లేదంటమా? జూదం పిచ్చిని డాక్టర్లు జబ్బు కిందనే రాస్కున్నరు, 2013ల అమెరికా సైకియాట్రిస్టులు దాన్ని తాగుడు, గంజాయి ఉన్న వరుసలనే పెట్టిన్రు, ప్రపంచ ఆరోగ్య సంస్థ లిస్టుల కూడ ఉన్నది. ప్రతిసారి ఓడిపోతే ఎవడన్న మానేస్తడు, ఎప్పుడు గెలుస్తనో తెల్వకపోవుడే మనిషిని పట్టుకుంటది. ఆఖరి ఓవర్ల ఒక్క రన్నుల పోయిందనుకో, అది ఓడినట్టు అనిపించదు, గెలుపు కొంచెం దూరంల ఉన్నట్టు కొడ్తది, మళ్ళ పెట్టబుద్ధి అయితది. దీనికి కౌన్సెలింగ్ ఉంది, అవసరమైతే మందులు ఇస్తరు. డాక్టర్ దగ్గరికి పోతే ప్రభువును నమ్మనట్టు కాదు, లూకా కూడ వైద్యుడే గద.

గని ఒక్కటి, జబ్బు అన్న అని మొత్తం జబ్బు మీద తోసెయ్యకు. యూత్ పైసలల్ల చెయ్యి పెట్టింది నువ్వే.

21 దినాలు ఎట్ల పట్టుకున్నవో నాకు సమజైంది, అయితది, ఎవరికైనా అయితది, లెక్క ఉన్నంతసేపు మనసు గట్టిగుంటది. 22వ దినానికి ఏం చెయ్యాలె అని మాత్రం నీ దగ్గర ఏం లేకుండె. పైగ పొద్దంత ఆకలి, రాత్రి నిద్ర లేదు, గట్లాంటి మనిషి చేతుల ఫోన్ పెట్టి మ్యాచ్ చూడుమంటే ఏమైతది? నన్నడిగితే 40 దినాలు ఇంకో ఉపవాసం వద్దు. కడుపునిండ తిను, తొమ్మిదింటికి పండుకో.

సూటిగా_చెప్తా:

ఆవిడకి చెప్పు, డాక్టర్‌కి చెప్పు, అంతవరకు ఓకే. సంఘంలో మాత్రం చెప్పకు బాసూ. నేను నా తాగుడు సంగతి మా పాస్టర్ గారికి ఒక్కడికే, గది తలుపేసి చెప్పా. ఆ ఆదివారమే ప్రసంగంలో "మన మధ్యనే ఒక సహోదరుడు, పగలు బైబిలు, రాత్రి సీసా" అని ఎత్తుకున్నారు. పేరు చెప్పలేదు, కానీ ఉన్నదే 40 కుటుంబాలు, మేం ఇంటికెళ్ళి కుక్కర్ పెట్టేలోపు మా అత్తగారికి ఫోన్ వెళ్ళిపోయింది. రెండేళ్ళు గుడి గడప తొక్కలా. డబ్బు తిరిగి వేశావు, ఎవరికీ నష్టం లేదు, నోరు మూసుకుని మానెయ్ అంతే.

పాత_పందెంరాయుడు:

మీకు అట్లా చేయడం ఘోరం అండి, కాదనను. కానీ నష్టం లేదు అన్నారు చూడండి, రేపు ఈస్టర్ కలెక్షన్ ఎవరి ఖాతాలోకి వస్తుంది?

గుణదల_కొండ_కింద:

మేం క్యాథలిక్స్ అండి, మాకు పాపసంకీర్తనం ఉంటుంది, అక్కడ చెప్పింది ఫాదర్ గారు ప్రాణం పోయినా బయటపెట్టకూడదు, పెడితే ఆయనకే శిక్ష. అందుకే నాకు పై బ్రదర్ చెప్పింది చదివి చాలా బాధేసింది. కానీ మా ఫాదర్ గారైనా పాపక్షమాపణ ఇచ్చి ఊరుకోరు, ఎవరిదైనా సొమ్ము తీస్తే తిరిగి ఇచ్చావా అని అడుగుతారు. నేను ఆఫీసులో ఒకమ్మాయి మీద ఈర్ష్యతో చాడీ చెప్పి అది ఒప్పుకుంటే, వెళ్ళి మేనేజర్‌కి అబద్ధం అని చెప్పి రా అన్నారు. పది జపమాలలు చెప్పమన్నా సంతోషంగా చెప్పేదాన్ని, ఇది మాత్రం మూడు రోజులు పట్టింది.

రిటైర్డ్_తెలుగు_మాస్టారు:

నాయనా, లూథరన్ బడిలో 34 ఏళ్ళు తెలుగు చెప్పి రిటైరయిన వాణ్ణి. ఫోన్లో టైపింగ్ నెమ్మది, తప్పులుంటే సర్దుకో.

నువ్వు రాసింది రెండుసార్లు చదివాను. నాకందులో సాతానుకంటే మీ తోడల్లుడే ఎక్కువ కనిపించాడు. యాకోబు 1:14 నీకు సండేస్కూల్లోనే వచ్చి ఉంటుంది, ప్రతివాడూ తన స్వకీయమైన దురాశచేత ఈడ్వబడతాడని. స్వకీయమైన అంటే సొంత. సొరుగులు లాగి చూసింది మీ ఆవిడ, మంట పుట్టింది నీకు. ఆవిడ నిన్ను ఫ్లాట్ అడిగిందా? అడిగినట్టు నువ్వెక్కడా రాయలేదు.

గెలిపిస్తే సగం ఇస్తానన్న ప్రార్థన సంగతి. అది చదివి నాకు నవ్వు రాలేదు, నేనూ ఒకప్పుడు ట్రాన్స్‌ఫర్ కోసం అలాగే బేరమాడాను. మత్తయి 4లో శోధకుడు దేవాలయ శిఖరం మీంచి దూకమన్నప్పుడు ఊరికే దూకమనలేదు, దేవదూతలు నిన్ను ఎత్తి పట్టుకుంటారన్న 91వ కీర్తన అప్పజెప్పి మరీ దూకమన్నాడు. వాక్యం వాడికీ కంఠతా వచ్చు, వాడికీ స్టీలు గ్లాసు ఇవ్వొచ్చు. పందెం కాసి దేవుణ్ణి గెలిపించమనడం ఆ దూకడంలాంటిదే. యేసు ఇచ్చిన మూడు జవాబులూ ద్వితీయోపదేశకాండంలోవి, అరణ్యంలో దేవుడు ఆకాశం నుంచి కురిపించిన మన్నా అనే ఆహారం తిని బతికిన జనానికి చెప్పిన మాటలు. మన్నా ఏ రోజుది ఆ రోజే, తెల్లవారేదాకా ఉంచుకుంటే పురుగు పట్టేది. నీకు నెలకోసారి ఖాతాలో మన్నా పడుతోంది, పక్కింటివాడి గిన్నెలోకి చూసి నీకు దానిమీద అసహ్యం పుట్టింది.

ఇక నీ వాగ్దాన కార్డు. తెలుగు మాస్టారుగా ఒక్క వ్యాకరణం మాట. "మీకు సంభవింపలేదు" అని ఉంటుంది అందులో. అది గౌరవానికి వాడిన మీరు కాదు, బహువచనం. పౌలు ఒక్క మనిషికి రాయలేదు, కొరింథు సంఘం మొత్తానికి రాశాడు. పదిమందికి రాసిన ఉత్తరం చించి నువ్వొక్కడివే జేబులో పెట్టుకున్నావు. దేవుడు తప్పించుకొను మార్గం కలుగజేస్తాడన్నది కూడా అందులోనే ఉంది, ఆ పందెంరాయుడికి ఆ మార్గం రొయ్యల చెరువు గట్టు మీదుగా పోయింది.

నాలుగో శతాబ్దంలో అగస్టీను అనే గొప్ప క్రైస్తవ పండితుడి స్నేహితుడు అలీపియస్ అని ఒకాయన. రోములో మనుషులు ఒకర్నొకరు చంపుకునే పోటీలంటే ఆయనకి ఏవగింపు. తోటివాళ్ళు బలవంతాన లాక్కెళ్తే, వస్తాను గానీ కళ్ళు మూసుకుని కూర్చుంటాను అన్నాడు, కూర్చున్నాడు కూడా. చెవులు మాత్రం మూసుకోలేదు. జనం ఒక్కసారి గోల చేసేసరికి కళ్ళు తెరిచాడు, ఇక మూయలేదు, మళ్ళీ వెళ్ళాడు, వేరేవాళ్ళని కూడా తీసుకెళ్ళాడు. అగస్టీను ఏమంటాడంటే, తన మీద తనకున్న ధైర్యమే అతన్ని ముంచింది అని. నీ ఫోన్ టింగుమన్నప్పుడల్లా ఆయన గుర్తుకు రావాలి. ఆ అలీపియసే 387లో అగస్టీనుతో కలిసి బాప్తిస్మం పొందాడు, తర్వాత బిషప్ అయ్యాడు.

యూత్ డబ్బు సంగతి చెప్పు. మైకులో వద్దు. మత్తయి 18లో కూడా తప్పు తేల్చుకోవడం ముందు ఇద్దరి మధ్యనే. మీ పాస్టర్ అయ్యగారితో పాటు నమ్మకమైన పెద్ద ఇంకొకరిని కూర్చోబెట్టి చెప్పి, అక్కడికక్కడే లెక్క పుస్తకం అప్పగించు. సూటిగా చెప్పిన బాబూ, మీ పాస్టర్ గారు చేసింది తప్పే, ఆయన తరఫున క్షమాపణ అడిగే హక్కు నాకు లేదు గానీ మళ్ళీ గుడికి పోతున్నారా లేదా అన్నది అడగాలనిపించింది.

సూటిగా_చెప్తా:

వేరే సంఘానికి పోతున్నా మాస్టారూ. వెనక బెంచీలో కూర్చుంటా.

నిద్రపట్టని_కుర్రాడు:

అందరికీ వందనాలు, 11 రోజులైంది, ఏమైందో రాస్తున్నా.

మా ఆవిడకి చెప్పా. పాప పడుకున్నాక, తను చపాతీ పిండి కలుపుతా ఉంది, నేను ఫ్రిజ్ పక్కన నిలబడి మొదలుపెట్టా. ఏడుస్తదనుకున్నా, అరుస్తదనుకున్నా, ఏం లేదు, పిండి మీద గిన్నె బోర్లించి చేతులు కడుక్కుని ఎంత అంది. రెండున్నర అన్నా. స్టేట్‌మెంట్ తియ్యి అంది. అన్నా మీరు చెప్పిన ఎర్రపెన్ను కూడా దొరకలా, పాప స్కెచ్ పెన్నుతో గీతలు కొట్టాం. రాత్రి రెండయింది. 4,37,000. నేనే నమ్మలేకపోయా, మూడుసార్లు కూడి చూశా.

మాస్టారూ మీరడిగింది అడిగా, ఫ్లాట్ కావాలనిపించిందా ఆ రోజు అని. తను నన్ను చాలాసేపు చూసి, ఆ సొరుగులు చప్పుడు కాకుండా మూసుకుంటున్నాయని చూశాను, మన వంటింట్లో సొరుగు వేస్తే పాప లేస్తది కదా, అంది. అంతే అంది. ఆ మాటకి నాకు ఏడుపు ఆగలా.

అక్కా, 14416కి చేశా, గంటసేపు మాట్లాడారు, దగ్గర్లో ఆస్పత్రి చెప్పారు, గురువారం మొదటి కౌన్సెలింగ్ అయింది. మీరడిగిన ఆలోచన ఒకసారి వచ్చింది, అది కూడా వాళ్ళకి చెప్పా. రెండు రాత్రులు నిద్రపట్టింది, మిగతావి పట్టలా.

అయ్యగారికీ, ఇంకో పెద్దాయనకీ చెప్పి పుస్తకం అప్పగించా. పెద్దాయన మొహం మాడ్చుకున్నాడు, ఇప్పటికీ సరిగ్గా పలకరించట్లా. అయ్యగారు కొన్నాళ్ళు కీబోర్డు దిగి కింద కూర్చో, శిక్ష అనుకోకు, నువ్వు ప్రసంగం విని ఎన్నాళ్ళయింది అన్నారు. నిజమే, ఎప్పుడూ తర్వాత పాట ఏ శృతి అని చూసుకోవడమే సరిపోయేది.

మంగళవారం మ్యాచ్ ఉంది. చెయ్యి దానంతటదే జేబులోకి పోయింది, డబ్బా ఫోను తగిలింది, అందులో పాము గేమ్ తప్ప ఏం లేదు. ఒళ్ళంతా చెమట పట్టింది, పైనింటి అంకుల్‌కి నీళ్ళ క్యాన్లు ఎక్కించి పెట్టా, నాకు చెరువు లేదు కదా అన్నా.

తను ఇంకా మామూలుగా మాట్లాడట్లేదు, పాపకి పాలు కలుపు, గ్యాస్ వాడికి డబ్బులిచ్చాను, అంతవరకే. ఈ పోస్టు తన ఫోన్ నుంచే పెడుతున్నా, పక్కనే కూర్చుని చదివింది. 4,37,000 కాదంట, 4,37,600.